విడిదికి పాతికేళ్ళ కౌలు ముందే కట్టాలా?

మిర్చి అమ్ముడుపోయి, పత్తి లెక్కలు తేలి, పల్నాటి రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడేది ఏడాదికి ఒక్కసారే. ఆ సొమ్ము కోసం కాచుకుని వుండేవారికి కొదవ లేదు. పురుగుమందుల కొట్టు బాకీ, కౌలు బాకీ, పిల్లల ఫీజులు, పెళ్ళి ఖర్చులు పాతవే. ఈమధ్య ఆ వరుసలోకి కొత్త సరుకు ఒకటి వచ్చి చేరింది. దాని పేరు సెలవుల సభ్యత్వం. అమ్మేవారు టైమ్‌షేర్ అంటారు. ఇప్పుడు కొంత సొమ్ము కడితే పదేళ్ళో, పాతికేళ్ళో ఏటా ఒక వారం రోజులు కొండల్లోనో, సముద్రపు ఒడ్డునో రిసార్టులో కుటుంబంతో వుండవచ్చన్నది దాని సారాంశం.

ఇది అమ్మే తీరు ఒక పద్ధతిగా సాగుతుంది. ఎగ్జిబిషన్లోనో, బట్టల షాపులోనో, పెట్రోలు బంకు దగ్గరో ఒక కూపను మీద పేరూ ఫోను నంబరూ రాయించుకుంటారు. నాలుగు రోజుల తరువాత ఫోను వస్తుంది. బహుమతి తగిలింది, భార్యాభర్తలు ఇద్దరూ కలిసి గుంటూరులోనో, విజయవాడలోనో ఫలానా హోటలుకు రావాలంటారు. ఇద్దరూ రావాలన్న షరతు ఊరికే పెట్టింది కాదు. ఒక్కరే వస్తే "ఇంట్లో అడిగి చెబుతాం" అని లేచిపోతారు. ఇద్దరూ వుంటే ఆ దారి మూసుకుపోతుంది. చల్లటి గదిలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, రంగురంగుల బొమ్మలు చూపించి, గంటా రెండు గంటలు మాట్లాడతారు. చివరికి తేలేది ఏమిటంటే, ఈ ధర ఈ రోజుకే. రేపు వస్తే వుండదు.

హైదరాబాదులోనో, బెంగుళూరులోనో వుద్యోగం చేస్తూ, ఊళ్ళో వున్న అమ్మానాన్నలను సుఖపెడదామని ఈ సభ్యత్వం తీసుకునే పిల్లలూ వున్నారు. వారి ఉద్దేశాన్ని తప్పు పట్టవలసిన పని లేదు. ఏడాది పొడవునా ఎండలో మిరప కోతలు కోసిన మనిషికి వారం రోజులు చల్లటి చోట కూర్చోవాలని వుండడం విలాసమేమీ కాదు. ప్రశ్న విహారం గురించి కాదు. ఆ విహారాన్ని ఈ పద్ధతిలో కొనుక్కోవాలా అన్నదే ప్రశ్న.

కొనేది ఇల్లా, వంతా?

ముందు సరుకేమిటో తెలియాలి. టైమ్‌షేర్ 1960లలో యూరప్‌లో, ఫ్రాన్సు దేశపు ఆల్ప్స్ కొండల్లోని విడిదుల దగ్గర మొదలైంది. కొండమీద సొంత ఇల్లు కొనే స్తోమత లేనివారు ఆ ఇంట్లో ఏడాదికి ఒక వారం వుండే హక్కు కొనుక్కునేవారు. తరువాత అది అమెరికాకు పాకింది. ఒకచోటి వారాన్ని మరొకచోటి వారంతో మార్చుకునే ఏర్పాటు చేసే ఆర్.సి.ఐ. అనే సంస్థ 1974లో అక్కడ పుట్టింది. మన దేశంలో 1986లో స్టెర్లింగ్, 1996లో మహీంద్రా హాలిడేస్ వంటి సంస్థలు ఈ వ్యాపారంలోకి వచ్చాయి. వీటికి సొంత రిసార్టులు వున్నాయి. ఏటా వెళ్ళి వచ్చే సభ్యులూ వున్నారు. కాబట్టి టైమ్‌షేర్ అంటేనే మోసమని కొట్టిపారేయడం సరికాదు.

అయితే సభ్యుడికి దక్కేది ఏమిటన్నది స్పష్టంగా తెలుసుకోవాలి. సాధారణంగా ఈ సభ్యత్వాలలో ఇల్లు రాదు. స్థలం రాదు. రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు రాదు. వచ్చేది వుండే హక్కు మాత్రమే, అదీ గడువు వున్నన్నాళ్ళే. పొలం భాషలో చెప్పాలంటే ఇది కౌలు. అందులోనూ పాతికేళ్ళ కౌలు మొదటి రోజునే కట్టేసి, ఆపైన ఏటేటా నీటితీరువా లాగా మరొక రుసుం కట్టుకుంటూ పోయే కౌలు. ఆ ఏటేటా రుసుమునే నిర్వహణ రుసుం అంటారు. దాని మీద 18 శాతం జి.ఎస్.టి. కూడా వుంటుంది. గదికి వెళ్ళినా వెళ్ళకపోయినా రుసుం కట్టాలి. కట్టకపోతే గది ఇవ్వరు.

పల్నాడులో ఎవరైనా ఆసామి పాతికేళ్ళ కౌలు ముందే కట్టమంటే ఏ రైతయినా ఒప్పుకుంటాడా? ఆ భూమి పాతికేళ్ళూ పండుతుందో లేదో, ఆసామి వుంటాడో వుండడో, తనకు అన్నేళ్ళు సేద్యం చేసే ఓపిక వుంటుందో లేదో అని పది రకాలుగా ఆలోచిస్తాడు. పొలం దగ్గర వుండే ఈ జాగ్రత్త హోటలు గదిలోకి వెళ్ళేసరికి ఎందుకు జారిపోవాలి?

చివరి ఎకరం గతి

సాగర్ కుడికాలువ కింద వారబందీ అంటే తెలియని రైతు లేడు. ఫలానా మేజరుకు ఫలానా రోజుల్లో నీరు. టైమ్‌షేర్ కూడా వారబందీయే. ఒక గదిని ఏడాదిలోని 52 వారాలకు విభజించి, ఒక్కొక్కరికి ఒక్కొక్క వంతు ఇస్తారు.

కాగితం మీద చూస్తే కాలువ చివరి ఎకరానికి కూడా నీటి మీద హక్కు వుంది. కాని నీరు ఎప్పుడు చేరుతుందో, అసలు చేరుతుందో లేదో చివరి భూముల రైతును అడిగితే తెలుస్తుంది. ఇక్కడా అంతే. సభ్యత్వం వున్నంత మాత్రాన కోరిన రోజున కోరిన చోట గది వున్నట్టు కాదు. ముందుగా ఫోనులోనో, కంప్యూటరులోనో కోరుకోవాలి. ఖాళీ వుంటే ఇస్తారు. లేకపోతే మరొక తేదీ, మరొక ఊరు చూసుకోమంటారు. దసరా, సంక్రాంతి, క్రిస్మస్, వేసవి సెలవులు అందరికీ ఒకేసారి వస్తాయి. అందరూ ఒకేసారి తూము దగ్గరికి వస్తారు. నెలల ముందే తేదీ ఖాయం చేసుకోగలిగినవారు పై ఎకరాలవారు. చివరి నిమిషం దాకా పని తెమలనివారు చివరి ఎకరాలవారు.

అందుకే సంస్థలు ఏడాదిని కాలాలుగా విడగొట్టి వేరువేరు ధరలు పెడతాయి. కొన్నిచోట్ల వాటికి ఊదా, ఎరుపు, తెలుపు, నీలం అని రంగుల పేర్లు వున్నాయి. జనం ఎగబడే వేసవికీ, పండుగలకూ ఎక్కువ ధర. వానాకాలం వంటి మందకొడి రోజులకు తక్కువ ధర. అమ్మేచోట మొదట చెప్పే చౌక ధర ఎక్కువగా ఈ మందకొడి కాలానిదే అయివుంటుంది. ఏ రంగు సభ్యత్వమో అడగకుండా ధర ఒక్కటే విని సంబరపడితే, తీరా వేసవిలో గది కావాలన్నప్పుడు ఆ రంగుకు అది వర్తించదంటారు.

రైతు తీరిక ఎప్పుడు?

పల్నాడు రైతుకు సంబంధించినంత వరకు అసలు చిక్కు ఇక్కడే వుంది. జూన్, జూలైలలో పత్తి విత్తాలి. మిరప నారు పోయాలి. ఆగస్టు, సెప్టెంబరులలో నాట్లు. కాలువ వదిలితే వరి నాట్లు కూడా అప్పుడే. అక్టోబరు నుంచి పత్తి తీతలు. డిసెంబరులో వరి కోతలు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతలు, కల్లాల్లో ఎండబెట్టడం, గుంటూరు యార్డుకు తోలడం. అయ్యేసరికి ఎండలు ముదురుతాయి. ఏటా మే నెలలో మిర్చి యార్డుకు కూడా వేసవి సెలవులు ఇస్తారు. బడిపిల్లలకు సెలవులు ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండోవారం దాకా. అంటే రైతు కుటుంబం అంతా కలిసి కదలగలిగేది మే నెలలోనే.

ఆ మే నెలే రిసార్టులలో అన్నిటికంటే గిరాకీ వున్న కాలం. ఊటీకి, కొడైకెనాలుకు దేశం నలుమూలల నుంచి జనం వెళ్ళేది అప్పుడే. చౌక సభ్యత్వం పనిచేసే వానాకాలంలో రైతు మోకాలి లోతు బురదలో వుంటాడు. చౌకది కొంటే వెళ్ళలేడు. వెళ్ళగలిగింది కొనాలంటే ధర ఎక్కువ, గది దొరకడం కష్టం. పట్నంలో నెలజీతం తీసుకునే వుద్యోగి లీవు పెట్టి సెప్టెంబరులోనైనా వెళ్ళగలడు. మిరప నాటుతున్న రైతుకు లీవు ఇచ్చే ఆఫీసు లేదు.

తీరిక సంగతి అలా వుంటే, సొమ్ము సంగతి మరొకటి. నిర్వహణ రుసుం ఏటా తప్పదు. కాని పల్నాడులో రాబడి ఏటా తప్పకుండా వచ్చేది కాదు. సాగర్ జలాశయానికి నీరు రాక 2015-16లోనూ, మళ్ళీ 2023-24లోనూ కుడికాలువ కింద వరి వేసుకోలేని పరిస్థితి వచ్చింది. 2023లో క్వింటాలు 20 వేల రూపాయలు దాటి పలికిన మిర్చి 2025 మొదట్లో ఎంతగా పడిపోయిందంటే, ఆ ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం క్వింటాలుకు రూ.11,781 చొప్పున మార్కెట్ జోక్య పథకం ప్రకటించవలసి వచ్చింది. కాలువకు నీరు రాని ఏడాది నీటితీరువా గురించి అడగవచ్చు. మిర్చి ధర పడిపోయింది కనుక ఈ ఏడు నిర్వహణ రుసుం మాఫీ చేయండని ఏ రిసార్టునూ అడగలేరు.

కాగితం మీద లెక్క

మాటలకంటే లెక్క మేలు. అంకెలు సంస్థను బట్టి, గదిని బట్టి, కాలాన్ని బట్టి మారుతాయి. లెక్క వేసే తీరు ఒక్కటే. ఉదాహరణకు మూడు లక్షల రూపాయలు కట్టి, ఏటా ఏడు రాత్రుల చొప్పున పాతికేళ్ళ సభ్యత్వం తీసుకున్నారనుకుందాం. ఏటా రుసుం 15 వేలు, దాని మీద జి.ఎస్.టి. 2,700. మొత్తం 17,700 రూపాయలు.

ఆ మూడు లక్షలూ బ్యాంకులో ఏడు శాతం వడ్డీకి వేస్తే ఏడాదికి 21 వేలు వచ్చేవి. ఆ వడ్డీ పోయినట్టే. దానికి 17,700 కలిపితే ఏడాదికి 38,700. ఏడు రాత్రులకు పంచితే రాత్రికి సుమారు 5,500 రూపాయలు. రైలు ఖర్చు, బస్సు ఖర్చు, తిండి ఖర్చు ఇందులో లేవు. తిండి రిసార్టులోనే తినాలంటే అదీ తక్కువేమీ వుండదు. అమ్మేవారు "గది ఉచితం" అంటారు. లెక్క వేస్తే ఆ ఉచితం ఖరీదు రాత్రికి ఐదున్నర వేలు.

ఇది ఏటా తప్పకుండా వెళితే. మూడేళ్ళలో ఒక ఏడు వెళ్ళలేకపోతే వాడుకున్న రాత్రి ఖరీదు 8,300కు చేరుతుంది. ఏడాది విడిచి ఏడాది వెళితే 11 వేలు దాటుతుంది. వాడుకోని రోజులను మరుసటి ఏటికి మార్చుకునే వీలు కొన్ని సంస్థలు ఇస్తాయి. కాని ఆ ఏటి రుసుం మాత్రం ఆ ఏడే కట్టాలి. పైగా ఈ ఏడు వారం రోజులు దొరకనివారికి వచ్చే ఏడు రెండు వారాలు దొరుకుతాయా?

ఇక నిర్వహణ రుసుం ఉన్నచోట వుండదు. ఏటా ఐదు శాతం చొప్పున పెరుగుతుందనుకుంటే, 17,700 కాస్తా పాతికో ఏట 57 వేలు అవుతుంది. పాతికేళ్ళకు కట్టిన రుసుములన్నీ కూడితే ఎనిమిదిన్నర లక్షలకు దగ్గర. మొదట కట్టిన మూడు లక్షలు కలిపితే పదకొండున్నర లక్షలు. హోటలు గదిలో సంతకం పెట్టేటప్పుడు కనిపించేది మూడు లక్షలే. వాయిదాల మీద తీసుకుంటే వడ్డీ అదనం. బంగారం కుదువబెట్టి తెచ్చిన సొమ్ము అయితే లెక్క వేయకపోవడమే మేలు.

గడువు ముగిసిననాడు చేతిలో ఏమి వుంటుంది? బ్యాంకులో వేసిన మూడు లక్షలు పాతికేళ్ళ తరువాత కూడా మూడు లక్షలుగా వుంటాయి, వడ్డీ ఏటా తినేసినా సరే. సభ్యత్వం మాత్రం ముగిసిన కౌలు కాగితం.

దీనికి అమ్మేవారు చెప్పే జవాబు ఒకటి వుంది. పాతికేళ్ళలో హోటలు గదుల అద్దెలు ఎన్ని రెట్లు పెరుగుతాయో చూడండి, ఇప్పుడే కొంటే ఆ పెరుగుదల మీకు తగలదంటారు. ఇందులో నిజం లేకపోలేదు. అద్దెలు పెరిగేమాట వాస్తవమే. కాని నిర్వహణ రుసుమూ పెరుగుతుంది. బయట హోటలు అద్దె ఎక్కువనిపిస్తే ఆ ఏడు ప్రయాణం మానుకోవచ్చు, చిన్న గది తీసుకోవచ్చు, సత్రంలో దిగవచ్చు. సభ్యుడికి ఆ వెసులుబాటు లేదు.

ఎవరికి పనికివస్తుంది?

అందరికీ ఒకే మాట చెప్పడం న్యాయం కాదు. నెలజీతం, ఖాయమైన సెలవులు, ఏటా కుటుంబంతో దూరప్రయాణం చేసే అలవాటు, ఆరు నెలల ముందే తేదీ నిర్ణయించుకునే వీలు వున్నవారికి ఇది కొంతవరకు పనికిరావచ్చు. దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలలో పనిచేసేవారు, టీచర్లు, బ్యాంకు వుద్యోగులు, పట్నాలలో వున్న పిల్లలు ఈ కోవలోకి వస్తారు. వంటగదితో సహా పెద్ద గది, పిల్లలకు ఆటస్థలం, ముసలివారికి ఇబ్బంది లేని ఏర్పాట్లు కావాలనుకునేవారు మంచి రిసార్టును మెచ్చుకుంటారు. అటువంటివారు కూడా గత ఐదేళ్ళలో ఎన్నిసార్లు, ఎన్ని రోజులు ప్రయాణం చేశారో వేళ్ళ మీద లెక్కపెట్టుకోవాలి. ఇంతవరకు లేని అలవాటు సభ్యత్వం కొన్నందువల్ల వచ్చిపడదు. ఇక 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి రిసార్టులన్నీ మూతపడిన సంగతి కూడా మరువరాదు. పాతికేళ్ళ ఒప్పందంలో ఇటువంటివి ఎన్ని వస్తాయో ఎవరూ చెప్పలేరు.

తల్లిదండ్రుల కోసం కొనే పిల్లలు మరొకటి ఆలోచించాలి. అరవై దాటిన తల్లి మోకాళ్ళు ఎన్నేళ్ళు కొండ ఎక్కనిస్తాయి? ఇంటి దగ్గర గేదెను, పొలాన్ని, ముసలి అత్తను వదిలి ఆమె వారం రోజులు కదలగలదా? పాతికేళ్ళ సభ్యత్వం కంటే, ఆమె వెళ్ళాలనుకున్నప్పుడు వెంట వుండి ఒక్కసారి తీసుకెళ్ళడం ఆమెకు ఎక్కువ.

వెళ్ళకపోతే సొమ్ము తిరిగి ఇస్తామంటే

ఇంతవరకు చెప్పింది నిజంగా గది ఇచ్చే సంస్థల సంగతి. ఇంతకంటే ప్రమాదకరమైన రకం మరొకటి వుంది. "గదికి వెళ్ళనక్కరలేదు, గడువు తీరాక పెరిగిన సొమ్ము తీసుకోండి" అనేవారు వస్తారు. ఇది విహారం కాదు. విహారం ముసుగు వేసుకున్న డిపాజిట్టు.

ముంబైకి చెందిన పాన్‌కార్డ్ క్లబ్స్ వ్యవహారం ఇలాంటిదే. హోటలు గది రాత్రుల పేరుతో, వాడుకోకపోతే సొమ్ము తిరిగి ఇచ్చే పద్ధతిలో ఆ సంస్థ 50 లక్షల మందికి పైగా జనం నుంచి ఏడువేల కోట్ల రూపాయలకు పైగా వసూలు చేసింది. ఇది అనుమతి లేకుండా నడిపిన సామూహిక పెట్టుబడి పథకమని సెబీ తేల్చి, 2014 జూలైలో కొత్త వసూళ్ళు ఆపమన్నది. 2016 ఫిబ్రవరిలో సొమ్ము తిరిగి ఇవ్వమని ఆదేశించింది. ఆదేశం వచ్చినంత మాత్రాన సొమ్ము చేతికి రాలేదు. మదుపుదారులు ఏళ్ళ తరబడి తిరిగారు.

ముంబై దాకా పోనక్కరలేదు. అగ్రిగోల్డ్ పేరు చెబితే పల్నాడులో ఇప్పటికీ నిట్టూర్చే ఇళ్ళు వున్నాయి. అది టైమ్‌షేర్ కాదు. స్థలమో, సొమ్మో ఇస్తామని వాయిదాల మీద కట్టించుకున్న వ్యాపారం. కాని నమ్మకం కుదిరిన తీరు ఒక్కటే. విజయవాడ, గుంటూరు మధ్య చినకాకాని దగ్గర జాతీయ రహదారి పక్కన హాయ్‌ల్యాండ్ కనిపించేది. ఇంత పెద్ద విహారస్థలం కట్టినవారు ఎక్కడికి పోతారని జనం అనుకున్నారు. ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ లెక్క ప్రకారం 19 లక్షల మందికి పైగా, 32 లక్షల ఖాతాలలో, సుమారు 6,380 కోట్ల రూపాయలు కట్టారు. పదివేల లోపు కట్టినవారికి రాష్ట్ర ప్రభుత్వం తన ఖజానా నుంచి చెల్లింపులు మొదలుపెట్టింది 2019 నవంబరులో, గుంటూరులో. ఇరవైవేల లోపు వారికి 2021 ఆగస్టులో. అంతకు మించి కట్టినవారి ఎదురుచూపులు ఆ తరువాత కూడా సాగాయి.

అగ్రిగోల్డ్ నేర్పిన పాఠాలు రెండు. కట్టడం పెద్దదయినంత మాత్రాన కాగితం గట్టిది కాదు. అడిగిన మనిషి మంచివాడయినంత మాత్రాన సంస్థ మంచిది కాదు. ఆనాడు ఊళ్ళలో ఏజెంట్లుగా తిరిగినవారు పరాయివారు కారు. మేనమామ, బావమరిది, పక్కింటి పిల్లవాడు. వారిలో చాలామంది తామూ సొమ్ము పోగొట్టుకుని, ఊళ్ళో తలెత్తుకోలేక నలిగిపోయారు. చుట్టరికం చూసి సంతకం పెట్టడం ఇద్దరికీ చేటు.

సంతకానికి ముందు

కొనదలచినవారు చేయవలసిన మొదటి పని అక్కడ సంతకం పెట్టకపోవడం. ఒప్పందం కాగితాలు ఇంటికి ఇవ్వమని అడగాలి. ఇవ్వమంటే అక్కడికక్కడే లేచి రావాలి. తీసుకున్న టీకీ, బహుమతి గిన్నెకూ మొహమాటపడవలసిన పని లేదు. "ఈ ఒక్క రోజే ధర" అన్నది నిజమైన సరుకుకు పట్టే గతి కాదు. పశువుల సంతలో అయినా పళ్ళు చూడకుండా ఎద్దును కొనమని ఎవరూ అనరు.

కాగితాలు ఇంటికి వచ్చాక చదువుకున్న పిల్లలచేతో, వకీలుచేతో చదివించి కొన్ని సంగతులు తేల్చుకోవాలి. ఏ కాలానికి, ఎంతమంది పట్టే గదికి ఈ సభ్యత్వం? నిర్వహణ రుసుం ఇప్పుడెంత, ఏటా ఎంత వరకు పెంచవచ్చు, ఆ పరిమితి రాసి వుందా? రుసుం ఒక ఏడు కట్టకపోతే ఏమవుతుంది? ఎన్ని రోజులలోగా వద్దనుకుంటే సొమ్ము తిరిగి ఇస్తారు, ఎంత కోత కోస్తారు? సభ్యుడు చనిపోతే హక్కు ఎవరికి? మధ్యలో వేరొకరికి మార్చాలంటే ఎంత? చూపించిన రిసార్టులలో సంస్థ సొంతవి ఎన్ని, అద్దెకు తీసుకున్నవి ఎన్ని? నోటితో చెప్పిన ప్రతి మాటా కాగితం మీద వుందా? కాగితం మీద లేని మాట కోర్టులో వుండదు.

వద్దనుకునే గడువు సంగతి మరీ ముఖ్యం. యూరప్ దేశాలలో టైమ్‌షేర్ కొన్నవారు 14 రోజులలోగా కారణం చెప్పకుండానే రద్దు చేసుకోవచ్చునని 2008 నాటి నిబంధన వుంది. మన దేశంలో టైమ్‌షేర్ కోసమే చేసిన ప్రత్యేక కేంద్ర చట్టం లేదు. సంస్థ తన ఒప్పందంలో ఎన్ని రోజులు రాసుకుంటే అన్ని రోజులే. అందుకే ఆ వాక్యం ముందు చదవాలి.

తీసుకున్న తరువాత తిరిగి అమ్ముకోవడం తేలిక కాదు. పాత సభ్యత్వాలకు కొనేవారు అరుదు. ఈ అవసరాన్ని కనిపెట్టి "మీ సభ్యత్వం మంచి ధరకు అమ్మిపెడతాం, ముందు ఖర్చులకు కొంత పంపండి" అని ఫోనుచేసేవారున్నారు. ముందు సొమ్ము అడిగినవాడికి పైసా పంపరాదు.

ఇప్పటికే చిక్కుకున్నవారు మౌనంగా వుండిపోరాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సంస్థ ఆఫీసు ఏ రాష్ట్రంలో వున్నా, ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాకు చెందిన వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపయితే జిల్లా కమిషనే వింటుంది. ఐదు లక్షల లోపయితే కోర్టు రుసుం లేదు. వకీలు లేకుండా స్వయంగా కూడా చెప్పుకోవచ్చు. చిక్కు వచ్చిన నాటి నుంచి రెండేళ్ళలోగా వేయాలి. అంతకుముందు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫోను చేస్తే దారి చెబుతారు. రసీదులు, ఒప్పందం, ఫోనులో వచ్చిన సందేశాలు ఒక్కటీ పారేయకూడదు.

విహారానికి వేరే దారి లేదా?

సభ్యత్వం వద్దన్నంత మాత్రాన ఇల్లు కదలవద్దని కాదు. వంతు పద్ధతి పల్నాడువారికి కొత్త కూడా కాదు. శ్రీశైలంలోనో, తిరుపతిలోనో సత్రానికి గది కట్టించిన దాతకు ఏడాదిలో కొన్ని రోజులు బస ఇవ్వడం పాత ఆచారమే. కాని అక్కడ సొమ్ము ఇచ్చినవాడు ధర్మానికి ఇచ్చాననుకుంటాడు. ఏడాదికింత కట్టమని అతని వెంటబడేవారు లేరు. తాను వెళ్ళని రోజున ఆ గదిలో మరొక యాత్రికుడు పడుకుంటే అదీ పుణ్యమే అనుకుంటాడు.

పంట చేతికి వచ్చిన ఏడు ఒక పదివేలో, ఇరవైవేలో విడిగా తీసి పోస్టాఫీసులోనో, బ్యాంకులోనో ప్రయాణానికని వేసుకోవడం అందరికీ సాధ్యమైన పని. పండిన ఏడు ఎక్కువ వేయవచ్చు. ఎండిన ఏడు మానవచ్చు. అవసరం పడితే అదే సొమ్ము ఆసుపత్రికి అక్కరకు వస్తుంది. ఆ పని ఏ రంగు సభ్యత్వమూ చేయదు. పొదుపు సంఘాల మహిళలు పదిమంది కలిసి ఒక వ్యాను మాట్లాడుకుని సూర్యలంక సముద్రానికో, అరుణాచలానికో వెళ్ళి వస్తే ఒక్కొక్కరి మీద పడే ఖర్చు తక్కువ. ఇంటిపని, పొలంపని రెండూ మోసే ఆడవారికి నిజమైన సెలవు అదే. మాచర్ల దాటితే ఎత్తిపోతల వుంది. విజయపురి సౌత్ నుంచి లాంచి ఎక్కితే నాగార్జునకొండ వుంది. దేశదేశాల నుంచి జనం వచ్చి చూసే ఆ మ్యూజియాన్ని గురజాల, పిడుగురాళ్ళ పిల్లల్లో ఎంతమంది చూశారు?

పట్నంలో జీతగాడికి పాతికేళ్ళ ముందుచూపు కుదిరితే కుదరవచ్చు. వానను, కాలువను, యార్డు ధరను నమ్ముకున్న ఇంటికి మాత్రం పాతికేళ్ళ బాకీని విహారం అనుకోవడం తగదు. సొమ్మూ తీరికా రెండూ చేతికి వచ్చిన ఏడాది వెళ్ళాలి. అవి రాని ఏడాది ఎవరికీ బాకీ పడకుండా ఇంటిపట్టున వుండే స్వేచ్ఛను కూడా అమ్ముకోకూడదు.